ఇల్లు విడిచి, పేరు మార్చుకుని వెళ్ళిపోయినవారి కథలు: ఏ పుస్తకాలు చదవాలి, వాళ్ళను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (ముక్తేశ్వరం రేవు)

అందరికీ నమస్కారం. అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఉంటున్న స్నేహితులం కొందరం నెలకొక పుస్తకం చదివి, ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని దాని గురించి మాట్లాడుకుంటూ ఉంటాము. మాలో బడిపంతుళ్ళున్నారు, బ్యాంకులో పనిచేసి విరమించినవారున్నారు, కొబ్బరి వ్యాపారం చేసే ఆయన ఒకరున్నారు. జాతి, గుర్తింపు, పైకి రావడం, ఇంటి రహస్యాలు అనే విషయాల మీద వచ్చిన పుస్తకాలను వరుసగా చదవాలని అనుకుని, అమెరికన్ రచయిత్రి బ్రిట్ బెనెట్ 2020లో వెలువరించిన ‘ది వానిషింగ్ హాఫ్’ నవలతో మొదలుపెట్టాము.

చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. లూసియానా రాష్ట్రంలో మల్లార్డ్ అనే ఊరిని రచయిత్రి కల్పించారు. అక్కడివారందరూ నల్లజాతివారే అయినప్పటికీ తరతరాలుగా తెల్లని ఛాయ గలవారితోనే వియ్యమందుతూ, నల్లగా ఉన్నవారిని చిన్నచూపు చూస్తూ బతుకుతుంటారు. ఆ ఊళ్ళో పుట్టిన కవలలు డెజిరే, స్టెల్లా 1954లో పదహారేళ్ళ వయసులో ఇల్లు విడిచి న్యూ ఆర్లియన్స్‌కు పారిపోతారు. స్టెల్లా అక్కడ తెల్లమ్మాయినని నమ్మించి ఉద్యోగం సంపాదిస్తుంది, తన పై అధికారినే పెళ్ళి చేసుకుని లాస్ ఏంజెలిస్‌లో సంపన్నుల వీధిలో స్థిరపడుతుంది. తనకు తల్లీ తోబుట్టువూ ఉన్నారన్న సంగతి భర్తకు గాని, కన్నకూతురికి గాని తెలియనివ్వదు. డెజిరే మాత్రం భర్త పెట్టే బాధలు పడలేక, నల్లని ఛాయతో పుట్టిన కూతురిని వెంటబెట్టుకుని పుట్టింటికే తిరిగివస్తుంది.

మా మధ్య వివాదం ఒక్క సన్నివేశం దగ్గర మొదలయింది. స్టెల్లా ఉంటున్న వీధిలో ఒక నల్లజాతి కుటుంబం ఇల్లు కొనుక్కుంటోందని తెలిసి ఇరుగుపొరుగు వాళ్ళు సమావేశమవుతారు. ఎన్నడూ నలుగురిలో నోరు విప్పని స్టెల్లా ఆ రోజు లేచి నిలబడి, వాళ్ళను రానివ్వకూడదని గట్టిగా అంటుంది. ఈ పేజీ చదివిన తరువాత ఆమె మీద జాలిపడడం తమవల్ల కాదని మాలో కొందరు ఖండితంగా చెప్పారు. ఎక్కడ బయటపడిపోతానోనన్న భయమే ఆమెచేత ఆ మాట అనిపించిందనీ, అంత భయంలో బతుకుతున్న మనిషిని తప్పుపట్టడం న్యాయం కాదనీ మిగిలినవాళ్ళు వాదించారు. రెండు వారాలైనా ఈ వాదన తెగలేదు.

మీలో ఈ నవలను గాని, ఇటువంటి వాటిని గాని చదివినవారు మీరు దీన్ని ఎలా చూస్తారో చెప్పండి. తరువాత చదవడానికి ఏది బాగుంటుందో కూడా సూచించండి. మన గోదావరి ప్రాంతపు జీవితానికి దగ్గరగా ఉండేది ఒకటైనా ఉంటే మరీ సంతోషం.

జవాబు (రాజోలు మాస్టారు)

మీ చర్చ స్టెల్లా దగ్గరే ఆగిపోయినట్లుంది. ఆమె తప్పొప్పులు తేల్చే ముందు, ఆమె పారిపోయి చేరిన న్యూ ఆర్లియన్స్‌లోనే అంతకు అరవై ఏళ్ళ క్రితం జరిగిన ఒక సంగతి మీ మిత్రులకు చెప్పండి. 1892లో హోమర్ ప్లెస్సీ అనే ఆయన అక్కడ తెల్లవారికి కేటాయించిన రైలుపెట్టెలో ఎక్కి కూర్చున్నాడు. ఆయన పూర్వీకులలో ఎనిమిదింట ఏడు వంతులు తెల్లవారే. చూడడానికి తెల్లవాడిలాగే ఉండేవాడు, నోరు మెదపకుండా కూర్చుంటే ఆ ప్రయాణం సాగిపోయేది. కానీ ఆ చట్టాన్ని న్యాయస్థానంలో ప్రశ్నించాలన్న పట్టుదలతోనే ఆయన రైలెక్కాడు గనుక, తాను నల్లజాతివాడినని తానే చెప్పి అరెస్టయ్యాడు. 1896లో అమెరికా సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. సౌకర్యాలు సమానంగా ఉంటే చాలు, మనుషులను వేరుగా ఉంచడం తప్పు కాదని ఆ తీర్పు సారాంశం. బడుల విషయంలో అది చెల్లదని అదే కోర్టు చెప్పింది 1954లో, అంటే ఈ నవలలో కవలలు ఇల్లు విడిచిన సంవత్సరంలోనే.

నోరు విప్పి నిజం చెప్పినవాడికి ఆ నగరం ఏమి ఇచ్చిందో చూసిన తరువాత, అదే నగరంలో నోరు మూసుకుని ఉద్యోగంలో చేరిన పదహారూ పదిహేడేళ్ళ పిల్లను నిందించడానికి నాకు మనసు రాదు. మొదటి అబద్ధం ఆమె కడుపు నింపడానికి ఆడినదే.

అయితే ఈ కథలన్నింటిలోనూ నన్ను కలవరపెట్టేది వెళ్ళిపోయినవారి కంటే వెనుక మిగిలిన తల్లులు. ఫిలిప్ రాత్ 2000లో రాసిన ‘ది హ్యూమన్ స్టెయిన్’ చదవండి. కోల్మన్ సిల్క్ అనే ఆచార్యుడు నల్లజాతివాడై ఉండి, యూదుడినని చెప్పుకుని జీవితమంతా గడుపుతాడు. పెళ్ళాడబోయే అమ్మాయికి తన తల్లిదండ్రులు చనిపోయారని చెప్పి, ఆ సంగతి చెప్పడానికి బతికున్న తల్లి దగ్గరకే వస్తాడు. ఆ తల్లి శాపనార్థాలు పెట్టదు. రైల్వేస్టేషనులో ఫలానా వేళకు బల్ల మీద కూర్చుని ఉండమంటే కూర్చుంటానని, పిల్లలకు ఆదివారపు బట్టలు తొడిగి నా ముందునుంచి నడిపించుకుపోతే దూరం నుంచే మనవలను చూసుకుంటానని అంటుంది. పనిమనిషిగా పెట్టుకుంటానన్నా వస్తానని అంటుంది. ఆ రెండు పేజీలు చదివి నేను పుస్తకం మూసి చాలాసేపు వీధి అరుగు మీద కూర్చుండిపోయాను. ‘ది వానిషింగ్ హాఫ్’లోనూ అంతే కదా. స్టెల్లా తిరిగి వచ్చేసరికి తల్లి ఎడెల్‌ను మతిమరుపు కమ్మేసి ఉంటుంది. ఆ తల్లికి జరిగిన నష్టాన్ని ఎవరి ఖాతాలో రాయాలి? మీ సమావేశంలో ఈ ప్రశ్న వేసి చూడండి.

జవాబు (నరసాపురం పాఠకురాలు)

మాస్టారు చెప్పినది నాకు చాలావరకు సమ్మతమే. కానీ ఈ పుస్తకాలను ఇక్కడ కూర్చుని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరమని నా మనవి. అక్కడ జాతి, ఇక్కడ కులం, రెండూ ఒకటేనని మనం తేలికగా అనేస్తూ ఉంటాము. అక్కడ ఒంటి ఛాయ చూసి మనిషిని నిర్ణయిస్తారు. ఇక్కడ ఛాయతో పని లేదు. ఇంటిపేరు అడుగుతారు, ఆ పేరుతో తేలకపోతే ఏ పేట అని అడుగుతారు, అదీ కాకపోతే “మీరేమిట్లండీ?” అని ముఖం మీదే అడిగేస్తారు. అందువల్ల దాచుకునే పద్ధతి కూడా వేరుగా ఉంటుంది. ఉత్తరాదిలో పెరిగిన యాశికా దత్ తన కులాన్ని ఏళ్ళ తరబడి ఎలా దాచుకున్నారో 2019లో ఒక ఆత్మకథగా రాశారు. మీ జాబితాలో దానికి చోటివ్వండి.

మా ఇంటి సంగతి చెబుతాను. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలకు ఇంగ్లండు నుంచి మిషనరీలు వచ్చినది 1830లలో. మా పూర్వీకులు మాలపల్లి నుంచి ఆ మిషను బడికీ, తరువాత ఆ సంఘంలోకీ వెళ్ళినవారు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివారికి షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వారికి బీసీ–సి కింద 1 శాతం రిజర్వేషను మాత్రమే ఉంది. మతం మారినంత మాత్రాన పేటలో మంచినీళ్ళ కుళాయి వరుసలో మా స్థానం మారలేదు, చెరువుగట్టు అవతలి ఇల్లు ఇవతలికి రాలేదు. కానీ కాగితం మీద మాత్రం మేము మారిపోయినట్లు లెక్క. అందుకని మా నాన్నగారి తరంలో చాలామందికి బడి రికార్డులో ఒక పేరు, బాప్తిస్మం పేరు మరొకటి. కులధ్రువీకరణ కోసం విచారణకు ఉద్యోగి వస్తున్నాడని కబురు అందగానే మా మామ్మ గోడ మీది వాక్యం క్యాలెండరు తీసి, చుట్టచుట్టి, బియ్యం డ్రమ్ములోకి దించి మూత పెట్టేది. ఆ మేకు మాత్రం గోడకు ఉండిపోయేది. ఒకసారి వచ్చినాయన ఆ మేకు వంకా, దాని కింద సున్నం వెలవని నలుచదరపు మచ్చ వంకా చూసి ఏమీ అనకుండా సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళగానే మామ్మ క్యాలెండరు తీసి, బియ్యపు పిండి దులిపి, మళ్ళీ తగిలించింది.

మా నాన్నగారు ఆ కాగితంతోనే చదువుకుని ఉద్యోగస్తులయ్యారు. ఇప్పుడు నన్ను ఎవరైనా “అది మోసం కాదా?” అని అడిగితే, మామ్మను అటువంటి పరిస్థితికి తెచ్చినది ఎవరని ముందు అడుగుతాను. స్టెల్లా దాచుకున్నది తనవాళ్ళ నుంచి తెగిపోవడానికి, మా మామ్మ దాచినది తనవాళ్ళను నిలబెట్టుకోవడానికి. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేయవద్దని మీ మిత్రులకు నా విన్నపం.

మన ప్రాంతానికి దగ్గరగా ఉండేది కావాలన్నారు కనుక సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ చెబుతున్నాను. కాకినాడలో పెరిగి, న్యూయార్క్ మెట్రో రైళ్ళలో కండక్టరుగా పనిచేసిన ఆవిడ తన మేనమామ కె.జి. సత్యమూర్తి గురించి, అంటే విప్లవకవి శివసాగర్ గురించి, తన తల్లి గురించి రాసిన పుస్తకం అది. అందులో ఇంటి గుట్టు ఏదీ దాచరు. మేనమామ గొప్పతనంతోపాటు ఆయన లోపాలనూ, తల్లి పడిన కష్టాలతోపాటు ఇంట్లో ఆమె మీద జరిగిన పెత్తనాన్నీ అదే గొంతుతో చెబుతారు.

జవాబు (తాళ్ళరేవు)

పై రెండు జవాబులూ చదివాక మా ఇంటి సంగతి కూడా రాయాలనిపించింది. మా వైపు వాళ్ళకు రంగం అంటే తెలుసు, అంటే రంగూన్. కోరంగి రేవు నుంచీ, తరువాత కాకినాడ నుంచీ ఓడలెక్కి బర్మాకు వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడివాళ్ళు కోరంగీలనే పిలిచేవారు. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి అది పరదేశం అన్న భావన కూడా మనవాళ్ళకు ఉండేది కాదు. అయినా 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడులలో ఎందరో చనిపోయారు. 1942లో జపాను సైన్యాలు రావడంతో లక్షలాదిమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగివచ్చారు.

మా తాతగారు అక్కడ బియ్యం మిల్లులో మేస్త్రీ. ఆ నడకలో వచ్చినవారిలో ఆయనా ఉన్నారు. ఆయన చంకలో నాలుగైదేళ్ళ ఆడపిల్ల ఉంది. స్నేహితుడు దారిలో చనిపోతే అతని బిడ్డను తీసుకువచ్చానని మా మామ్మకు చెప్పారట. ఆ పిల్ల ముఖం బర్మా వాళ్ళ ముఖం, చెవులూ గడ్డమూ మాత్రం అచ్చం తాతగారివే. మా మామ్మ ఆమెను పెంచింది, పెళ్ళి చేసింది, కానీ కన్యాదానం పీటల మీద తాతగారిని కూర్చోనివ్వలేదు, పెద్దమామయ్యను కూర్చోబెట్టింది. మేమందరం ఆవిడను రంగం అత్తయ్య అనేవాళ్ళం. మా ఇళ్ళలో ఏ పెళ్ళి జరిగినా ఆవిడ ముందురోజే వచ్చేసి పెరట్లో పనసకాయలు ముందు పెట్టుకుని, కత్తికి నూనె రాసుకుని పనసపొట్టు కొడుతూ ఉండేది. ఫొటోలకు అందరినీ పిలుస్తున్నప్పుడు కూడా ఆవిడ పొట్టు కొడుతూనే ఉండేది. అంత పెద్ద చుట్టరికంలో ఆవిడను లేపి తీసుకురమ్మని ఒక్కరం అనలేదు.

ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి రహస్యం ఎలా అవుతుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. నెల్లా లార్సెన్ 1929లో రాసిన ‘పాసింగ్’ చదివాక కొంత అర్థమైంది. అందులో ఒక టీ సన్నివేశం ఉంది. తన భార్య క్లేర్ నల్లజాతి మనిషని తెలియని భర్త, ఆమెనూ ఆమె చిన్ననాటి స్నేహితురాళ్ళిద్దరినీ ఎదురుగా పెట్టుకుని నల్లవాళ్ళంటే తనకు ఎంత అసహ్యమో చెబుతాడు. ముగ్గురు ఆడవాళ్ళూ నవ్వుతారు. దాచినది క్లేర్ ఒక్కతే అయినా ఆ గదిలో ఆ అబద్ధాన్ని మోసినవారు ముగ్గురు. చిన్న పుస్తకం, ఒక ఆదివారంలో అయిపోతుంది. మీరు తరువాత దీన్నే తీసుకుంటే బాగుంటుందని నా అభిప్రాయం.

ముక్తేశ్వరం రేవు

తాళ్ళరేవు వారూ, మీరు రాసినది మా గుంపులో అందరికీ చదివి వినిపించాను. అడగవచ్చో లేదో తెలియదు గాని, ఆవిడను ఎవరైనా ఎప్పుడైనా తన తల్లి గురించి అడిగారా?

తాళ్ళరేవు

అడగడంలో తప్పేమీ లేదండి. తాతగారూ మామ్మా పోయిన చాలా ఏళ్ళకు మా అమ్మ ఒకసారి అడిగింది. “ఇన్నాళ్ళకు అడిగావా అమ్మాయ్” అని, తల్లి పేరు, ఊరి పేరు రెండూ చెప్పిందట. ఆ ఊరు ఇరావతి ఒడ్డున ఉందనీ, వరద వస్తే మన లంకల్లాగే మునిగేదనీ చెప్పిందట. మా అమ్మ ఆ రెండు పేర్లూ జమాఖర్చుల పుస్తకం అట్ట లోపలి వైపు రాసుకుంది. అత్తయ్య పిల్లలు ఇప్పుడు ఆ పుస్తకాన్ని వాళ్ళ దగ్గర ఉంచుకున్నారు.

జవాబు (మండపేట)

చర్చ బాగా సాగుతోంది గాని, స్టెల్లా విషయంలో అందరూ మెత్తబడిపోతున్నట్లు అనిపించి నేను రాస్తున్నాను. మాస్టారు చెప్పినట్లు ఉద్యోగం కోసం ఆడిన అబద్ధాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ సమావేశంలో ఆమెను లేచి నిలబడమని ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ వీధికి కొత్తగా వచ్చిన నల్లజాతి ఇల్లాలు లొరెట్టా వాకర్‌తో చాటుగా స్నేహం చేసి, చివరకు ఆ కుటుంబమే ఇల్లు విడిచి పోయే పరిస్థితి తెచ్చినదాంట్లో స్టెల్లా చేయి ఉంది. తాను దాటిన గుమ్మానికి తానే గడియ వేయడానికి పూనుకుంది. ఆ నష్టం ఆమె తనకు గాని, తన తల్లికి గాని చేసుకున్నది కాదు, ఏ పాపమూ ఎరుగని మూడో మనిషికి చేసినది. ఈ తేడాను మీ మిత్రులలో మొదటి పక్షంవారు సరిగానే పట్టుకున్నారు.

ఇక పుస్తకాల విషయం. పైకి రావాలంటే దాచుకోక తప్పదనే అభిప్రాయం ఈ నవలలన్నీ వరుసగా చదివితే కలిగే ప్రమాదం ఉంది. దాచుకోకుండా నిలబడినవాళ్ళు మన గోదావరి గట్టునే ఉన్నారు. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారి ‘పాలేరు’ నాటకంలో, కామందు ఇంట్లో పశువులు కాసే దళిత బాలుడు చదువుకుని డిప్యూటీ కలెక్టరు అవుతాడు. ఆ విజయం తన పుట్టుకను మరుగుపరచుకుని సాధించినది కాదు. మా పెద్దవాళ్ళు ఆ నాటకాన్ని తెల్లవార్లూ కూర్చుని చూశామని చెప్పేవారు. రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న 1921 ప్రాంతంలో ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశారు. తెల్లదొరతనం వద్దని ఊరూ వాడా గరిమెళ్ళ వారి పాట పాడుతున్న రోజులలో, మరి మా మీద మీరు చేస్తున్న దొరతనం సంగతేమిటని స్వజనాన్నే నిలదీసిన గీతం అది. జాతి గురించి అమెరికా పుస్తకాలు చదివేవాళ్ళు మన పక్కనే పుట్టిన ఈ గీతాన్ని వదిలేస్తే అది పెద్ద లోటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అలెక్స్ హేలీ 1976 నాటి ‘రూట్స్’కు సహవాసి గారు చేసిన ‘ఏడుతరాలు’ అనువాదం మీలో చాలామంది చదివే ఉంటారు. అందులోని చరిత్ర వివరాల మీద వాదోపవాదాలు ఉన్న మాట నిజమే. అయినా మీ చర్చకు అది ఒక విధంగా పనికివస్తుంది. అక్కడ అమ్మమ్మలు వసారాలో కూర్చుని, బానిసగా తెచ్చిన పూర్వీకుడి పేరును తరువాతి తరానికి చెబుతూ పోతారు. స్టెల్లా ఇంట్లో కూతురు ఎంత అడిగినా తల్లి నోరు విప్పదు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే బాగుంటుంది.

ముక్తేశ్వరం రేవు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ ఆదివారం మీ జవాబులన్నీ అచ్చు తీయించి పట్టుకువెళ్ళాను. స్టెల్లాను క్షమించాలా వద్దా అన్న వాదన పక్కకు వెళ్ళి, ఆమె ఆడిన ఒక్కొక్క అబద్ధంవల్ల ఎవరు నష్టపోయారన్న దాని మీద మాట్లాడుకున్నాము. మొదటి అబద్ధానికి, సమావేశంలో అన్న మాటకు ఒకే శిక్ష వేయలేమని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. తల్లి విషయంలో మాత్రం ఇంకా ఒప్పందం కుదరలేదు. కొబ్బరి వ్యాపారం చేసే మా మిత్రుడు, ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషి, తమ ఇంటిపేరు తాతగారి కాలంలో మారిందని, అసలు పేరేమిటో తనకు తెలియదని ఆ రోజు మొదటిసారి మాతో అన్నారు. నరసాపురం పాఠకురాలు గారు రాసిన క్యాలెండరు సంగతి విన్నాకే ఆయనకు ఆ మాట చెప్పాలనిపించిందట. కోటిపల్లి వైపు తమ పెదనాన్నగారింట్లో పాత దస్తావేజులు ఉన్నాయని, ఈ వేసవిలో వెళ్ళి చూసి వస్తానని చెప్పారు.

వచ్చే నెలకు ‘పాసింగ్’, ఆ పై నెలకు ‘పాలేరు’ అనుకున్నాము. నాటకాన్ని వంతులవారీగా పాత్రలు పంచుకుని పైకి చదువుదామని మా పంతులుగారి ఆలోచన. దాని ప్రతి మాకు ఇంతవరకు దొరకలేదు. అమలాపురం, రాజమండ్రి గ్రంథాలయాలలో ఎక్కడైనా చూసినవారుంటే దయచేసి ఇక్కడ తెలియజేయండి, వచ్చి జిరాక్సు తీయించుకుంటాము.